మేకు లేకుండా దుంగల ఇల్లు: 1810ల నాటి అమెరికా అడవుల్లో క్యాబిన్ కట్టిన పద్ధతి, మొదటి గొడ్డలి దెబ్బ నుంచి మొదటి చలికాలం దాకా

లింకన్ దుంగల క్యాబిన్‌లో పుట్టాడని మనమంతా చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. ఆ క్యాబిన్ ఎలా కడతారో మాత్రం పాఠంలో ఉండదు. ఈ వ్యాసం ఆ పని గురించే. 1800 నుంచి 1830 దాకా కెంటకీ, ఒహాయో, ఇండియానా అడవుల్లోకి వెళ్లిన కుటుంబాలు ఏ పని తర్వాత ఏ పని చేశాయో, ఆ వరుసలోనే ఎందుకు చేశాయో దశలవారీగా చెబుతాను. ఎవరైనా నిజంగానే చిన్న క్యాబిన్ కట్టుకోవాలనుకున్నా, పిల్లల స్కూల్ ప్రాజెక్టుకి నమూనా చేయాలనుకున్నా ఇందులోని కొలతలు పనికొస్తాయి.

ఆ ఇంటి ఆకారాన్ని నిర్ణయించింది అందం కాదు, కొరత. మేకులు దొరకవు, గాజు లేదు, చేతిలో డబ్బు లేదు, పనిచేసే మనుషులు తక్కువ, టైమ్ అంతకన్నా తక్కువ. ఉన్నదల్లా చెట్లు, మట్టి, ఒక గొడ్డలి. కింద వచ్చే ప్రతి దశలోనూ ఈ లెక్కే కనిపిస్తుంది.

ఈ పద్ధతి ఇంగ్లిషువాళ్లది కాదు. 1607లో జేమ్స్‌టౌన్‌లో, 1620లో ప్లిమత్‌లో దిగినవాళ్లు తమ ఊళ్లలో లాగే చెక్క చట్రం నిలబెట్టి, మధ్యలో తడికా మట్టీ నింపి ఇళ్లు కట్టుకున్నారు. దుంగ మీద దుంగ పేర్చే పని 1638లో డెలావేర్ నది లోయలో న్యూ స్వీడన్ అనే వలస పెట్టుకున్న స్వీడన్, ఫిన్లాండ్ మనుషులతో వచ్చింది. తర్వాత పెన్సిల్వేనియాకి వచ్చిన జర్మన్లకీ ఇలాంటి పని తెలుసు. వాళ్ల దగ్గర చూసి నేర్చుకున్న స్కాట్స్-ఐరిష్ (ఉత్తర ఐర్లాండ్ నుంచి వచ్చిన స్కాట్లాండ్ మూలాలవాళ్లు) కుటుంబాలు దాన్ని అపలాచియన్ కొండలు దాటించి కెంటకీ దాకా తీసుకెళ్లాయి. డేనియల్ బూన్ అనే వేటగాడి మనుషులు 1775లో ఆ కొండల్లోని కంబర్లాండ్ కనుమ మీదుగా దారి కొట్టాక ఆ రాకపోకలు ప్రవాహంలా పెరిగాయి.

1. ముందు భూమి కాగితం

గొడ్డలి ఎత్తేముందు చూసుకోవాల్సింది ఇదే. చాలామంది దీన్నే పట్టించుకోలేదు, తర్వాత ఏడ్చారు.

మొదటి సంగతి, ఆ అడవి ఖాళీగా లేదు. షానీ, మయామీ, లెనాపే, చెరోకీ వంటి జాతులు అక్కడ వ్యవసాయం చేసుకుంటూ, వేటాడుకుంటూ ఉండేవి. 1763లో బ్రిటిష్ రాజు కొండలు దాటి స్థిరపడొద్దని ప్రకటన ఇచ్చినా ఎవరూ ఆగలేదు. 1795లో యుద్ధంలో ఓడిన తర్వాత గ్రీన్‌విల్ ఒప్పందంతో ఒహాయోలో ఎక్కువ భాగాన్ని ఆ జాతులు వదులుకోవాల్సి వచ్చింది. 1830లో ఇండియన్ రిమూవల్ చట్టం వచ్చి, అప్పటికే దుంగల ఇళ్లలో ఉంటూ పొలాలు దున్నుకుంటున్న చెరోకీ కుటుంబాలను కూడా మిసిసిపీ అవతలికి తరిమింది. క్యాబిన్ కథను ధైర్యసాహసాల కథగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తుంటారు.

రెండోది, కొలత. కెంటకీలో సర్వే అంటే ఫలానా ఓక్ చెట్టు నుంచి ఫలానా వాగు వంపు దాకా అని రాసుకోవడం. చెట్టు పడిపోతే హద్దు పోతుంది. ఒకే నేలకి ఇద్దరు ముగ్గురు హక్కుదార్లు తేలేవాళ్లు. లింకన్ తండ్రి థామస్ లింకన్ కెంటకీ వదిలి వెళ్లడానికి ఈ పట్టా గొడవలు ఒక పెద్ద కారణం. ఒహాయో నదికి ఉత్తరాన మాత్రం 1785 భూమి చట్టం ప్రకారం ప్రభుత్వమే గళ్లు గీసింది: 6 మైళ్ల పొడవు, 6 మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లు. థామస్ లింకన్ 1816 చివర్లో ఇండియానాకి మారి, 1817 అక్టోబరులో విన్సెన్స్‌లోని భూమి ఆఫీసులో 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టాడు. ఎకరం 2 డాలర్లు, వాయిదాల మీద. ఆ వాయిదాలు కట్టలేక ఎంతోమంది మునిగారు కాబట్టి 1820లో చట్టం మార్చారు: అప్పు లేదు, ఎకరం డాలరుంబావు, కనీసం 80 ఎకరాలు. అంటే 100 డాలర్లు రొక్కం ఉంటేనే పట్టా. రొక్కం లేనివాళ్లు పట్టా లేకుండానే అడవిలో దిగిపోయి, పొలం చేసుకుని, ఎవరైనా కొనుక్కుని వచ్చేదాకా ఉండేవాళ్లు.

2. ఇంటి చోటు

ఊటనీరు దగ్గర్లో ఉండాలి, ఇల్లు మాత్రం మెరక మీద ఉండాలి. ఈ రెండో మాటను చాలామంది వదిలేసి వాగు పక్కనే కట్టారు, నీళ్లు మోసే బాధ తప్పుతుందని. ఫలితం చలిజ్వరం, అంటే మలేరియా. రోజు విడిచి రోజు వణుకు, జ్వరం, చెమటలు. ఒహాయో లోయలో ఇది ఎంత మామూలంటే దాన్ని జబ్బుగా కూడా లెక్కపెట్టేవాళ్లు కాదు. బురదనేల నుంచి వచ్చే చెడు గాలి వల్ల అనుకునేవాళ్లు. అసలు కారణం దోమ అని తేలడానికి 1897 దాకా ఆగాలి. అది తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే, రొనాల్డ్ రాస్.

తలుపు దక్షిణం వైపు పెట్టుకుంటే చలికాలం ఎండ లోపలికి వస్తుంది. ఇంటి మీదికి పడగల పెద్ద చెట్లన్నిటినీ ముందే కొట్టేయాలి.

3. పనిముట్లు

ఉండాల్సినవి కొన్నే. చెట్టు కొట్టే గొడ్డలి. దుంగను నలుపలకలుగా చెక్కడానికి వెడల్పు గొడ్డలి, దాని అంచు ఒకవైపే వాలుగా ఉంటుంది. నున్నగా చేయడానికి బాడిస. బెజ్జాలకి చేతి బరమా. చీల్చడానికి ఇనప చీలికలు, కొయ్య సుత్తి. ఇంకొకటి మనకు అలవాటు లేనిది, ఫ్రో: పొడవాటి మొద్దు కత్తికి పిడి నిలువుగా పైకి ఉంటుంది. కత్తిని మొద్దు తల మీద ఆనించి సుత్తితో కొట్టి, పిడిని అటూ ఇటూ వంచితే చెక్క పలకగా విడిపోతుంది. పైకప్పు అంతా దాని చలవే.

రంపం ఉంటే మంచిదే, లేకపోయినా ఇల్లు లేస్తుంది. ఇనుమంతా కొండల మీదుగా గుర్రం వీపున రావాలి కాబట్టి చాలామంది గొడ్డలి తల, బరమా మొన మాత్రమే తెచ్చుకుని పిడులు అక్కడే చెక్కుకునేవాళ్లు.

4. ఇంటికన్నా ముందు మొక్కజొన్న

వసంతంలో దిగిన కుటుంబం మొదటి రోజే ఇల్లు మొదలుపెడితే చలికాలంలో ఆ ఇంట్లోనే పస్తులుంటుంది. వరుస ఇలా ఉండాలి: ముందు తాత్కాలిక గూడు, తర్వాత విత్తనం, ఆ తర్వాత ఇల్లు.

గూడు అంటే మూడు పక్కల సన్న కర్రలు పేర్చి, నాలుగో పక్క వదిలేసి, పైన కొమ్మలూ బెరడూ కప్పిన పాక. తెరిచిన పక్క ఎదురుగా రాత్రీ పగలూ నిప్పు మండుతూనే ఉండాలి. లింకన్ కుటుంబం ఇండియానాలో మొదట తలదాచుకున్నది ఇలాంటి దాంట్లోనే అని చెబుతారు. గాలి దిశ మారితే పొగంతా లోపలికే.

పొలం కోసం అడవంతా నరకనక్కర్లేదు, నరకలేరు కూడా. చెట్టు మొదలు చుట్టూ బెరడును, దాని కింది పొరను పట్టీలా చెక్కేస్తే ఆకుల నుంచి వేళ్లకి ఆహారం దిగదు, చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఆకులు రాలి ఎండ నేల మీద పడుతుంది. ఆ ఎండు మానుల మధ్యే గుంటలు తవ్వి మొక్కజొన్న పెడతారు. పక్కనే చిక్కుడు, గుమ్మడి. మొక్కజొన్న కాడ మీద చిక్కుడు పాకుతుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపు రానివ్వదు. ఇది స్థానిక జాతుల సాగు పద్ధతి. వాళ్లను తరిమినవాళ్లు బతికింది దాని మీదే. ఒక్క జాగ్రత్త: రెండో ఏడాది నుంచి ఆ ఎండు కొమ్మలు గాలికి విరిగి పడతాయి. ఈదురుగాలి వేళ పిల్లల్ని పొలంలోకి పంపకూడదు.

కంచె పంట చుట్టూ వేయాలి, పశువుల చుట్టూ కాదు. పందులూ ఆవులూ అడవిలో వాటి దారిన అవి తిరుగుతాయి. కొయ్యను నిలువునా చీల్చి తీసిన 10, 11 అడుగుల బద్దల్ని గుంజలు పాతకుండా, వంకరటింకరగా ఒకదాని కొస మీద ఇంకొకటి పేర్చుకుంటూ పోతే కంచె దానంతట అదే నిలబడుతుంది. ఇక్కడా మేకు లేదు.

5. చెట్లు ఎంచడం, కొట్టడం

గోడలకి మొదటి ఎంపిక ట్యూలిప్ పాప్లర్. నిటారుగా పెరుగుతుంది, కింద కొమ్మలుండవు, తేలిక, గొడ్డలికి లొంగుతుంది. చెస్ట్‌నట్ కూడా మంచిదే, తొందరగా పుచ్చదు. అడుగు వరసకి చేవ ఉన్న వైట్ ఓక్ వాడాలి. హికరీ గొడ్డలి పిడికి గొప్ప కొయ్య, గోడకి వద్దు. పురుగు పట్టేస్తుంది.

దుంగ మందం 8 నుంచి 12 అంగుళాలు, కొస నుంచి కొసకి ఎక్కువ తేడా లేకుండా ఉండాలి. పొడవు విషయంలో ఆశపడొద్దు. 10 అంగుళాల మందం, 20 అడుగుల పొడవున్న పచ్చి దుంగను లెక్క కట్టండి: దాదాపు 11 ఘనపుటడుగులు. పాప్లర్ అయితే రెండు వందల కిలోల దరిదాపు, ఓక్ అయితే మూడు వందలు. దాన్ని తలపైకి ఎత్తాలి. అందుకే ఒక గది క్యాబిన్లు 16 అడుగుల వెడల్పు, 18 లేక 20 అడుగుల పొడవు దగ్గరే ఆగిపోయాయి. ఇంకా పెద్ద ఇల్లు కావాలంటే పొడవు దుంగ కోసం వెతకరు, పక్కన ఇంకో గది కట్టి రెంటికీ కలిపి కప్పు వేస్తారు.

ఎన్ని కావాలి? గోడ ఎత్తు 8 అడుగులు, ఒక్కో వరసకి సందుతో కలిపి 11 అంగుళాలు అనుకుంటే 9 వరసలు. నాలుగు గోడలకి 36. పైన ముక్కోణపు గోడలకీ, కప్పు దూలాలకీ, అటకకీ కలిపి ఇంకో 20 పైన పెట్టుకోండి.

చలికాలంలో కొట్టిన కొయ్య మంచిది. రసం తక్కువ, పురుగు తక్కువ, మంచు మీద ఎద్దులతో ఈడ్చడం తేలిక. బెరడు మాత్రం వసంతంలో కొట్టిన చెట్టుకే సులువుగా ఊడుతుంది. ఏదో ఒక బాధ తప్పదు. తొందర్లో ఉన్నవాళ్లు బెరడుతోనే పేర్చేశారు. బెరడు కింద తేమ నిలిచి పురుగు గూడు కడుతుంది కాబట్టి అలాంటి క్యాబిన్ నాలుగు కాలాలు నిలవదు. నా మట్టుకు నేను బెరడు తీయడానికే ఓటేస్తాను, వారం ఆలస్యమైనా సరే.

చెక్కిన దుంగలా, గుండ్రటి దుంగలా? మొదటి ఏడాది గుండ్రటివే. రెండు పక్కల చదునుగా చెక్కడం అందంగానే ఉంటుంది, గోడ లోపలివైపు తిన్నగా వస్తుంది, బరువూ తగ్గుతుంది. అంత తీరిక పొలం కుదిరాకే వస్తుంది. చాలా కుటుంబాలు కొన్నేళ్లకి చెక్కిన దుంగలతో పెద్ద ఇల్లు కట్టుకుని, పాత క్యాబిన్‌ను వంటిల్లుగానో కొట్టంగానో వాడుకున్నాయి.

6. అడుగు

పునాది తవ్వకం లేదు. నాలుగు మూలల్లో నాలుగు పెద్ద బండరాళ్లు, గోడ మధ్యలో ఒక్కొక్కటి. వాటి మీద అడుగు దుంగలు. కొయ్య నేలను తాకకూడదు, అంతే. తాకిన చోట మూడు నాలుగేళ్లలో పుచ్చుతుంది, చెద ఎక్కుతుంది.

మూలమట్టానికి ఒక తాడు చాలు. 16 అడుగులు, 20 అడుగులు పరిచాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి. రెండూ సమానంగా, సుమారు 25 అడుగుల 7 అంగుళాలు వస్తే మూలలు కుదిరినట్టు. ఇక్కడ వదిలేసిన వంకర కప్పు వేసేటప్పుడు వడ్డీతో సహా తిరిగొస్తుంది.

7. మూల గాట్లు: ఇల్లు నిలిచేదీ, పుచ్చేదీ ఇక్కడే

క్యాబిన్‌ను పట్టి ఉంచేది మూలల్లోని గాట్లే. బరువే బంధం, చీల కూడా అక్కర్లేదు. గాట్లలో చాలా రకాలున్నాయి, మూడు తెలిస్తే చాలు.

అన్నిటికన్నా సులువైనది గుండ్రటి గాటు. పై దుంగ అడుగున సగం చంద్రుడి ఆకారంలో తొలిచి కింది దుంగ మీద కూర్చోబెడతారు. కొత్తవాళ్లు కింది దుంగ తల మీద తొలుస్తారు, అలా చేయడం సులువు కాబట్టి. అప్పుడు ఆ గుంటలో వాన నీరు నిలిచి మూల మొత్తం పుచ్చుతుంది. తొలిచేది ఎప్పుడూ పై దుంగ అడుగునే. ఈ గాటుకి దుంగ కొసలు గోడ దాటి ఒక అడుగు పొడవు దాకా బయటికి ఉండాలి, లేకపోతే కొస చీలిపోతుంది.

రెండోది వి గాటు. కింది దుంగ తలను ఇంటి కొప్పులా రెండు వాలులుగా చెక్కి, పై దుంగ అడుగున దానికి సరిపడే కోణం తీస్తారు. నీరు రెండువైపులా జారిపోతుంది.

మూడోది సగం డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారంలో సగం), పనితనం ఉన్నవాళ్ల గాటు. కింది దుంగ తలను ఇంటి బయటివైపుకి వాలుగా చెక్కాలి. పై దుంగ అడుగును అదే వాలుకి అతికేలా తీయాలి. అప్పుడు పై దుంగ కొస బయట మందంగా, లోపలికి వచ్చేకొద్దీ సన్నంగా ఉంటుంది, అందుకే అది లోపలికి జారలేదు. ఆ దుంగ రెండో కొస కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఎటూ కదలదు. నీరు వాలు వెంట బయటికే పోతుంది. కొసలు గోడతో సమంగా కోసేయవచ్చు, వానకి తడిసే తల తగ్గుతుంది. ఇన్ని లాభాలున్నా మొదటి క్యాబిన్‌కి దీన్ని సలహా ఇవ్వను. ఒక్క వాలు తప్పితే దుంగ పాడైనట్టే, ఇంకో చెట్టు కొట్టాలి.

8. గోడలు లేపే రోజు

దుంగలన్నీ ఈడ్చుకొచ్చి నాలుగు పక్కలా వరసగా పేర్చి ఉంచాలి, లావైనవి ముందు వాడేలా. అప్పుడు చుట్టుపక్కలవాళ్లకి కబురు. కొన్ని మైళ్ల దూరం నుంచి కూడా వస్తారు. కూలి ఉండదు. రేపు వాళ్ల ఇంటికో కొట్టానికో మీరు వెళ్లాలి, అది బదులు పని. వెళ్లనివాడికి మరోసారి ఎవరూ రారు. వచ్చినవాళ్లకి కడుపునిండా భోజనం, విస్కీ ఇంటివాళ్ల బాధ్యత. విస్కీ మరీ ముందే బయటికి తీస్తే పై వరసలు వంకరపోతాయి.

నలుగురు మంచి పనివాళ్లు నాలుగు మూలలు ఎక్కుతారు, చేతిలో గొడ్డలితో. గాటు పని వాళ్లది. మిగతావాళ్లు దుంగలు అందిస్తారు. గోడ నడుము ఎత్తు దాటాక చేతులతో ఎత్తడం కుదరదు. రెండు పొడవాటి వాసాలను గోడకి ఏటవాలుగా ఆనించి, వాటి మీద దుంగను దొర్లిస్తారు. కింద నుంచి పంగల కర్రలతో నెడతారు, పై నుంచి తాళ్లతో లాగుతారు. దుంగ జారితే ఆ రెండు వాసాల మధ్య ఉన్న మనిషి బతకడు. నెట్టేవాళ్లు పక్కల్లోనే నిలబడాలి, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఒక చిన్న కిటుకు గోడ మట్టాన్ని కాపాడుతుంది. ప్రతి దుంగకీ మొదలు లావు, కొస సన్నం. ఒక వరసలో మొదలు కుడివైపు పెడితే, పై వరసలో ఎడమవైపు పెట్టాలి. మరిచిపోతే నాలుగు వరసలకే గోడ ఒకవైపు ఎత్తవుతుంది.

డజనుమంది ఉంటే పొద్దుగూకే వేళకి నాలుగు గోడలు లేస్తాయి. ఒక్క కుటుంబమే చేసుకుంటే అదే పని వారాలు పడుతుంది.

9. కప్పు

రెండు చివరల్లో ముక్కోణం వచ్చేలా దుంగల్ని ఒక్కో వరసకీ పొట్టి చేసుకుంటూ పోతారు. ఆ వరసల్లో గాట్లు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి సన్న దూలాలు పరుస్తారు. అన్నిటికన్నా పైది కొప్పు దూలం.

పలకల కోసం లావైన వైట్ ఓక్‌ను 4 అడుగుల మొద్దులుగా తెంపి, నాలుగు ముక్కలుగా చీల్చి, నడి గుజ్జూ బయటి మెత్తని కొయ్యా తీసేసి, మిగిలిన చేవను ఫ్రోతో పలకలుగా చీలుస్తారు. రంపంతో కోసిన పలక కంటే ఇది మెరుగు. చీలిక నార వెంట పోతుంది కాబట్టి నార తెగదు, నీరు లోపలికి ఇంకదు.

చూరు దగ్గర ఒక అడ్డ దూలం, దాని మీద ఆని మొదటి వరస పలకలు. ఒక పొర మీద ఇంకో పొర, కింది సందుల్ని పై పలక మూసేలా. మేకులు లేవు కదా, ఈ వరస మీద బరువుకి ఒక పొడవాటి కర్ర అడ్డంగా వేస్తారు. అది జారకుండా దానికీ కింది బరువు కర్రకీ మధ్య పొట్టి ముక్కలు ఆసరా పెడతారు. ఇలా కొప్పు దాకా. వాన పెద్దగా దిగదు, పొడి మంచు మాత్రం దిగుతుంది. అటక మీద పడుకునే పిల్లలు దుప్పటి మీద మంచు దులుపుకుని లేచిన సంగతి ఆ కాలపు జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

10. తలుపు, కిటికీ

గోడలు లేచాకే ద్వారం కోస్తారు. కోసిన దుంగల కొసలకి నిలువు పలకలు ఆనించి, బరమాతో బెజ్జం వేసి కొయ్య చీలలు బిగిస్తారు. పచ్చి దుంగలు ఎండేకొద్దీ కుంగుతాయి. ద్వారబంధం పైన రెండు మూడు వేళ్ల సందు వదిలితే తలుపు బిగుసుకోదు.

తలుపు బందులు తోలువో కొయ్యవో. లోపలి గడియకి కట్టిన తోలు తాడును చిన్న బెజ్జం గుండా బయటికి వేలాడదీస్తారు. బయట నుంచి తాడు లాగితే గడియ లేస్తుంది. రాత్రి తాడు లోపలికి లాక్కుంటే తాళం వేసినట్టే. కిటికీ ఉంటే ఒకటి, చిన్నది. గాజు బదులు కొవ్వు పూసిన కాగితం: వెలుతురు వస్తుంది, బయటి దృశ్యం రాదు.

11. పొయ్యి, చిమ్నీ

చివరి గోడలో 5, 6 అడుగుల వెడల్పు కోసి, బయట రాళ్లతో పొయ్యి గది కడతారు. రాయి దొరికితే పైదాకా రాయే. దొరక్కపోతే పై గొట్టం కర్రలతోనే పేర్చి, గడ్డి కలిపిన మట్టిని చుట్టలు చుట్టి లోపలా బయటా మందంగా మెత్తుతారు. కర్రతో చిమ్నీ ఏమిటని అనిపిస్తుంది. మట్టి ఉన్నంతకాలం కాలదు, మట్టి రాలితే కాలుతుంది. అందుకే గొట్టాన్ని ఇంటికి కొంచెం దూరంగా వాలేట్టు కట్టి, కర్రలతో ఊతం పెడతారు. అంటుకుంటే ఊతం తీసి బయటికి తోసేయడమే. చిమ్నీ పోయినా ఇల్లు మిగులుతుంది. కొప్పు కన్నా రెండు మూడు అడుగులు పైకి లేపకపోతే పొగ వెనక్కి తంతుంది.

12. సందులు, నేల

దుంగల మధ్య సందుల్లో కొయ్య పేళ్లు, రాళ్లు ఏటవాలుగా దూర్చి, మీద గడ్డి కలిపిన బంకమట్టి మెత్తాలి. మట్టి అంచు దుంగ కన్నా లోపలికే ఉండాలి, పై దుంగ నుంచి కారిన నీరు దాని మీద నిలవకూడదు. ప్రతి శరత్కాలంలో రాలిన చోట మళ్లీ మెత్తడం తప్పదు. నేల మొదట్లో మట్టి నేలే. తర్వాత దుంగల్ని రెండుగా చీల్చి, చదును పక్క పైకి వచ్చేలా పరిచి బాడిసతో సరిచేసేవాళ్లు.

ఇల్లు లేచాక: మొదటి చలికాలం

ఆ ఒక్క గదిలోనే వంట, నిద్ర, ప్రసవం, చావు. నిప్పు ఆరితే చెకుముకి, లేదంటే పొరుగింటి నుంచి నిప్పు తేవడమే. తిండి అంటే మొక్కజొన్న: కాల్చి, సంకటి వండి, రొట్టె చేసి. మర దూరం కాబట్టి నిలబెట్టిన మొద్దు తలను కాల్చి తొలిచిన రోట్లో దంచుకునేవాళ్లు. గింజల్ని బూడిద నీళ్లలో ఉడికించి పొట్టు తీసే పద్ధతి కూడా స్థానిక జాతుల నుంచి నేర్చుకున్నదే. అది పొట్టు కోసమే అనుకున్నారు గానీ, మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది ఆ బూడిద నీటి వల్లే. ఆ అలవాటు పోయి ఒట్టి మొక్కజొన్న పిండి మీదే బతికిన దక్షిణాది పేదల్ని 20వ శతాబ్దం మొదట్లో ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పీడించింది.

కొనక తప్పనిది ఉప్పు. పంది మాంసం చలికాలం నిలవాలంటే అదే దిక్కు. ఉప్పు ఊటల దగ్గర నీళ్లు మరిగించి చేసుకునేవాళ్లు. 1778 ఫిబ్రవరిలో బూన్ షానీల చేతికి చిక్కింది బ్లూ లిక్స్ దగ్గర ఉప్పు పనికి మనుషుల్ని తీసుకెళ్లినప్పుడే. బట్టకి అవిసె నార నిలువు, ఉన్ని అడ్డం. పెంచడం, నానబెట్టడం, వడకడం, నేయడం ఎక్కువగా ఆడవాళ్ల పనే. సబ్బుకి బూడిద కారం, పంది కొవ్వు. ఇల్లు ఒక్క రోజులో లేచిందని చెప్పుకునే కథల్లో ఏడాది పొడవునా సాగిన ఈ పని లెక్కలోకి రాదు.

ఒక ప్రమాదాన్ని మాత్రం ఏ జాగ్రత్తా ఆపలేకపోయింది, ఎందుకంటే అది పాలల్లో వచ్చింది. వేసవి చివర్లో గడ్డి ఎండిపోయినప్పుడు ఆవులు అడవి నీడలో పెరిగే వైట్ స్నేక్‌రూట్ అనే తెల్లపూల మొక్కను మేస్తాయి. దాని విషం పాలల్లోకి దిగుతుంది. తాగిన మనిషికి వాంతులు, నీరసం, కొన్నాళ్లలో చావు. లింకన్ తల్లి నాన్సీ 1818 అక్టోబరులో ఇలాగే పోయింది. అప్పటికి అబ్రహాంకి 9 ఏళ్లు. మీరు ఆ కాలంలో ఉంటే చేయగలిగింది ఒక్కటే: ఆవుల్ని అడవిలోకి వదలకుండా కంచె లోపల మేపడం. అన్ని బద్దలు చీల్చే తీరిక మొదటి ఏళ్లలో ఎవరికీ లేదు.

ఇప్పుడు చూడాలంటే

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లు లాంగ్ వీకెండ్‌కి స్మోకీ మౌంటెన్స్ వెళ్లి, గాట్లిన్‌బర్గ్‌లో హాట్ టబ్ ఉన్న క్యాబిన్ అద్దెకు తీసుకుంటారు. పక్కనే ఉన్న స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో కేడ్స్ కోవ్ అనే 11 మైళ్ల చుట్టు దారి ఉంది. అక్కడి జాన్ ఆలివర్ క్యాబిన్ 1820ల నాటిది. ఫొటో దిగేముందు మూల దగ్గర ఆగి గాటు చూడండి. దుంగల మీద వెడల్పు గొడ్డలి దెబ్బల గుర్తుల కోసం వెతకండి, సందుల్లో మట్టి చూడండి. చిమ్నీ రాళ్ల మధ్య సిమెంటు కాదు, మట్టే.

కెంటకీలో హాడ్జెన్‌విల్ దగ్గర లింకన్ పుట్టిన చోట 56 మెట్ల పైన గ్రానైట్, పాలరాతి మందిరం కట్టి, లోపల ఒక క్యాబిన్ పెట్టారు. అది లింకన్ పుట్టిన క్యాబిన్ కాదు. చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ దుంగలు 1809 తర్వాత చాలా ఏళ్లకి కొట్టినవని తేలింది. మందిరంలో పట్టడానికి దాన్ని కొంత కురచ కూడా చేశారు. క్యాబిన్ పేరుకి రాజకీయాల్లో అంత గిరాకీ. 1840 అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్ మనుషులు ఊరేగింపుల్లో బొమ్మ క్యాబిన్లు తిప్పి గెలిచారు. ఆయన పుట్టింది వర్జీనియాలో బర్క్‌లీ అనే ఇటుకల భవంతిలో.

ఆ కాలపు పని చేతులతో చేస్తుంటే చూడాలనుకుంటే ఇండియానాలోని లింకన్ బాయ్‌హుడ్ నేషనల్ మెమోరియల్ మంచిది. అక్కడ 1820ల తరహా పొలం నడుపుతారు, క్యాబిన్, పశువులు, బద్దల కంచెతో సహా. పొలం పని సీజన్‌ను బట్టి నడుస్తుంది కాబట్టి వెళ్లేముందు పార్కు వెబ్‌సైట్‌లో రోజులు చూసుకోండి.